విద్య అనే సంధి: భద్రాద్రి అరణ్యసీమలో దేశాంతర పాఠ్యప్రణాళికల చరిత్ర

శ్రీసీతారామాభ్యాం నమః.

విద్య నేడు సముద్రాలను దాటి సంచరిస్తున్నది. ఒక దేశపు విద్వాంసులు మరొక దేశపు విద్వాంసులతో కూడి పాఠ్యప్రణాళికలను రచిస్తున్నారు. ఒక ఖండంలో సిద్ధమైన పాఠం వేరొక ఖండంలో బోధింపబడుతున్నది. విదేశీ విశ్వవిద్యాలయాలు భారతదేశంలో ప్రాంగణాలు నెలకొల్పుకొనుటకు 2023 నవంబరులో యూజీసీ నియమావళిని ప్రకటించింది. విద్యాప్రపంచీకరణ అనగానే మహానగరాలు, విమానయానాలు, ఉన్నత పట్టాలు స్ఫురించడం సహజమే. అయితే ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలపు అరణ్యం ఆరంభమయ్యే సీమకు ఈ విషయం క్రొత్తది కాదు. నూట అరవై సంవత్సరాలుగా ఇంగ్లండు, ఆస్ట్రియా, అమెరికా దేశాల పండితులు ఏదో ఒక రీతిగా ఈ వనసీమకు వచ్చారు. ఇక్కడి భాషను నేర్చారు, గ్రంథాలు రచించారు, బోధనపద్ధతులను ప్రవేశపెట్టారు. వారి ప్రయత్నాలలో కొన్ని నిలిచాయి, కొన్ని మాసిపోయాయి. ఏది నిలిచినది, ఏది మాసినది, ఎందువలన అన్న విచారణ కేవలం చరిత్రకు సంబంధించినది కాదు. ఈనాటికీ అడవి అంచున బడి గడప ఎక్కుతున్న కోయబాలుని భవితవ్యం దానితో ముడిపడి ఉన్నది.

శీక్షావల్లి చూపిన మార్గం

ఈ విచారణకు కొలమానం మన సంప్రదాయంలోనే లభిస్తుంది. తైత్తిరీయోపనిషత్తులోని మొదటి భాగానికి శీక్షావల్లి అని పేరు. వర్ణోచ్చారణను నేర్పే శిక్షాశాస్త్రంతో అది ఆరంభమవుతుంది. అంటే పరబ్రహ్మవిద్యను ఉపదేశించబోయే ఉపనిషత్తు, శిష్యుని నోటినుండి వెలువడే ధ్వనితో మొదలుపెట్టినది. వెంటనే అది సంహితను, అనగా రెండు అక్షరాల కలయికను, లోకంలోని అనేక విషయాలకు అన్వయిస్తుంది. విద్య విషయంలో గురువును ముందు నిలిచే అక్షరంతోను, శిష్యుని వెనుక నిలిచే అక్షరంతోను పోల్చి, ఆ ఇద్దరి కలయికయందు పుట్టేది విద్య అనీ, ఆ కలయికను సాధించేది బోధన అనీ ప్రతిపాదిస్తుంది.

దీనిని వ్యాకరణదృష్టితో మరికొంత పరిశీలించవచ్చు. సంధులన్నీ ఒక తీరుగా ఉండవు. 'మహా' అనే పదమూ 'ఇంద్ర' అనే పదమూ కలిసినపుడు ఆకారమూ నిలువదు, ఇకారమూ నిలువదు. రెండూ కరిగి ఏకారం పుడుతుంది. ఇది గుణసంధి. 'కో' అనే పదానికి 'అపి' చేరినపుడు మాత్రం ముందున్న ఓకారం చెక్కుచెదరదు. వెనుకనున్న అకారం అందులో లీనమై, అది ఉండినదనడానికి గుర్తుగా 'కోఽపి' అని అవగ్రహచిహ్నం మాత్రం మిగులుతుంది. ఇది పూర్వరూపసంధి. మొదటి రీతి కలయికలో ఇద్దరూ మారుతారు. రెండవ రీతిలో వెనుకనున్నవాడు మాత్రమే మారుతాడు. మారడం కాదు, మాయమవుతాడు.

విద్యాసహకారమనే పేరుతో జరిగే ప్రతి ప్రయత్నానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది: ఇది గుణసంధియా, పూర్వరూపసంధియా?

ధాన్యకటకంలో జరిగిన కలయిక

తెలుగుదేశానికి అంతర్దేశీయ విద్య ఆంగ్లేయులతో ఆరంభం కాలేదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు పాలించిన విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, సింహళదేశపు భిక్షువుల కొరకు ప్రత్యేక విహారం ఉండేదని అక్కడి శాసనం తెలుపుతున్నది. ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో బయల్పడిన స్తూపావశేషాలు ఆ బౌద్ధవిద్యాపరంపర ఈ ప్రాంతానికీ విస్తరించినదని చాటుతున్నాయి. ఆ నేలకొండపల్లియే తరువాతి యుగంలో భక్తరామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్నకు జన్మస్థలమైనది.

7వ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ కృష్ణాతీరపు ధాన్యకటకానికి వచ్చాడు. అక్కడ కొన్ని మాసాలు నివసించి, మహాసాంఘిక సంప్రదాయపు అభిధర్మాన్ని స్థానిక భిక్షువులవద్ద అధ్యయనం చేశాడు. అంతటితో ఆగలేదు. వారికి ఆచార్యులైన ఆ భిక్షువులే తిరిగి అతనివద్ద మహాయానశాస్త్రాలను అభ్యసించారని అతని జీవితచరిత్ర చెబుతున్నది. అతిథి శిష్యుడైనాడు, ఆతిథేయుడు కూడా శిష్యుడైనాడు. దేశాంతర విద్యాసహకారానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు. అక్కడ జరిగినది గుణసంధి.

దుమ్ముగూడెం: భాషను నేర్చిన పరదేశీయులు

ఆ పూర్వవైభవానికి దాదాపు పన్నెండు శతాబ్దుల తరువాత గోదావరీతీరాన మరొక కలయిక జరిగినది. 1860లో నిజాం ప్రభువు గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. నదిలో పడవలు పైకి నడవడానికి అనువుగా ఎగువ గోదావరి నౌకామార్గాన్ని నిర్మించాలని సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించగా, ఆ పనులను ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు నిర్వహించాడు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ సంకల్పానికి మిగిలిన చిహ్నం. నౌకామార్గపు పనులు 1871లో ఆగిపోయాయి. అయితే హేగ్ ప్రోత్సాహంతో దుమ్ముగూడెంలో కోయల కొరకు మొదలైన క్రైస్తవ మిషను మాత్రం నిలిచినది. 1874లో భద్రాచలం తాలూకా మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది.

ఆ మిషనులో దీర్ఘకాలం పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ కోయలనడుమ జీవించి, వారి భాషను నేర్చి, వారి ఆచారాలను గూర్చి 1870లలో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికకు వ్యాసాలు వ్రాశాడు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం కోయలను వర్ణించినపుడు కెయిన్ పరిశీలనలనే విరివిగా స్వీకరించినది. కోయభాష తెలుగులిపిలో ముద్రణకు ఎక్కినది కూడా ఈ ప్రయత్నాల ఫలమే.

ఇచ్చట ధర్మబుద్ధితో ఒక సత్యాన్ని అంగీకరించవలసి ఉన్నది. ఆ పరదేశీయుల ఉద్దేశం మతప్రచారం. వారు అచ్చువేయించినది తమ మతగ్రంథభాగాలనే. పాఠంలోని విషయాన్ని నిర్ణయించినవారు వారే కాబట్టి ఆ కలయిక సంపూర్ణసంధి కాదు. అయినప్పటికీ శిష్యుని నోటిభాషను ఆచార్యుడు ముందుగా నేర్చుకోవాలన్న శీక్షావల్లీ మర్మాన్ని వారు ఆచరణలో పెట్టారు. శతాబ్దాలుగా ఆ ప్రక్కనే నివసిస్తూ, సంతలో తునికాకునకు, ఇప్పపువ్వుకు బేరమాడిన మైదానవాసులలో ఎందరు కోయభాషను నేర్చారు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకొనడం సులభం కాదు.

మార్లవాయి: ఆచార్యుడే ఆ వనంనుండి పుట్టాలి

1939లో ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ తన భార్య బెట్టీతో హైదరాబాదు సంస్థానానికి వచ్చాడు. అదే సమయంలో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైనది. జర్మనీ రాజ్యం ఆస్ట్రియాను కలుపుకొన్నందున అతడు ఆంగ్లేయుల దృష్టిలో శత్రుదేశీయుడైనాడు. సంస్థానపు ఎల్లలు దాటరాదన్న నిర్బంధం ఏర్పడినది. ఆ నిర్బంధమే తెలుగునేలకు ఒక వరమైనదని చెప్పవచ్చు. అతడు నల్లమల చెంచులను, గోదావరి కనుమలలోని కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను వారి గూడేలలోనే నివసించి అధ్యయనం చేశాడు. పాపికొండల పరిసరాలలోని కొండరెడ్లను గూర్చి అతడు వ్రాసిన గ్రంథం 1945లో వెలువడినది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణించిన తరువాత, గోండుల అసంతృప్తికి మూలాలను తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం భావించినది. భూమి అన్యాక్రాంతం కావడం, అటవీచట్టాలు, వడ్డీవ్యాపారం ప్రధానకారణాలని హైమెండార్ఫ్ గుర్తించాడు. వీటన్నిటికీ తోడు నిరక్షరాస్యత వలన తమ పొలపు కాగితంలో ఏమున్నదో తామే చదువుకోలేని స్థితి గోండులను బాధించేది. అందువలన 1943లో ఆదిలాబాదు జిల్లాలోని మార్లవాయి గ్రామంలో గోండు విద్యాపథకం ఆరంభమైనది.

ఆ పథకంలోని విశేషం దాని క్రమంలో ఉన్నది. మొదట పాఠశాలను నిర్మించి, తరువాత ఎక్కడినుండియో ఉపాధ్యాయుని తెచ్చే పద్ధతిని వారు అవలంబించలేదు. కొద్దిగా అక్షరజ్ఞానం కలిగిన గోండులను ఎంపిక చేసి, ముందుగా వారినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండీభాషలో దేవనాగరిలిపితో వాచకాలను సిద్ధం చేశారు. గోండుల జీవనమే, గోండుల గాథలే అందులో పాఠ్యవస్తువైనాయి. ఆస్ట్రియా విద్వాంసుని శాస్త్రదృష్టి, సంస్థానపు ధనం, గోండుల స్మృతి అనే మూడూ ఆ పాఠ్యప్రణాళికలో కలిశాయి.

యుద్ధానంతరం హైమెండార్ఫ్ లండనులో ఆచార్యుడైనాడు. అతడు ఆరంభించిన గోండీబోధన కాలక్రమంలో క్షీణించి, ఆ వాచకాలు బడులనుండి అదృశ్యమైనాయి. దశాబ్దాల తరువాత తిరిగివచ్చి చూచి, 1982లో ప్రచురించిన గ్రంథంలో అతడు గిరిజనుల దుఃస్థితిని సవిస్తరంగా నమోదు చేశాడు. భార్య బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించగా ఆమెకు మార్లవాయిలోనే సమాధి నిర్మించారు. 1995లో గతించిన అతని అస్థికలు కూడా 2012లో అక్కడికే చేరాయి. పాఠ్యపుస్తకం పోయినా, గురువును మరువని గోండుల కృతజ్ఞత ఆ సమాధులవద్ద నేటికీ కనబడుతున్నది.

ఆశ్రమపాఠశాల: సమీపంలో ఉన్నా దూరమే

1953లో యునెస్కో సంస్థ, బాలునికి తొలిచదువు మాతృభాషలోనే జరగాలని ప్రపంచదేశాలకు నివేదిక సమర్పించినది. 1956లో మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరి, భాషాపరమైన అల్పసంఖ్యాకుల బాలలకు ప్రాథమికస్థాయిలో మాతృభాషాబోధనకు వసతి కల్పించాలని నిర్దేశించినది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మం జిల్లాకు మారాయి. ఆ తరువాతి దశాబ్దాలలో గిరిజనబాలల కొరకు ప్రభుత్వం వసతితోకూడిన బడులను నెలకొల్పి, వాటికి ఆశ్రమపాఠశాలలని పవిత్రమైన పేరు పెట్టినది.

మన శాస్త్రంలో శిష్యునికి 'అంతేవాసి' అని పేరు. గురువునకు సమీపంలో నివసించేవాడని దాని అర్థం. ఆశ్రమపాఠశాలలో బాలుడు గురువు సమీపంలోనే భుజిస్తాడు, సమీపంలోనే నిద్రిస్తాడు. అయినా భాష దూరమైనపుడు ఆ సామీప్యం దేహానికే పరిమితం. కోయ, గోండీ భాషలలో 'ఏర్' అనగా నీరు. తెలుగులో 'ఏరు' అనగా ప్రవాహం. వారి 'నార్' గ్రామాన్ని తెలుపుతుంది. మన 'నారు' వరిమొలకను తెలుపుతుంది. రెండూ ద్రావిడభాషలే కాబట్టి ధ్వని పరిచితంగానే వినబడుతుంది, అర్థం మాత్రం జారిపోతుంది. ఉపాధ్యాయుడు బాలుని మందబుద్ధి అనుకుంటాడు. బాలుడు మౌనం వహిస్తాడు. కొంతకాలానికి బడి మానుతాడు. పూర్వరూపసంధిలో అకారం లోపించినట్లు ఆ బాలుని పలుకు లోపిస్తుంది. హాజరుపట్టీలోని పేరొక్కటే అవగ్రహచిహ్నంవలె మిగులుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. అదే కాలంలో గోదావరీతీరపు గొమ్ముకోయల మాండలికానికి అమెరికా విద్వాంసుడు స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడినది. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడభాషల తులనాత్మక అధ్యయనంలో ఈ అరణ్యభాషల ప్రాముఖ్యాన్ని ప్రపంచానికి చాటారు. కోయభాష విదేశీ గ్రంథాలయాల అలమారులకు చేరినది. భద్రాచలపు బడిలోని నల్లబల్లమీదికి మాత్రం చేరలేదు. జ్ఞానం అడవినుండి ప్రపంచానికి వెళ్ళే త్రోవ విశాలం. ప్రపంచంనుండి అడవికి తిరిగివచ్చే త్రోవ ఇరుకు.

ఆరు సూత్రాల పథకం

1980ల మధ్యకాలంలో బ్రిటిషు ప్రభుత్వ సహకారంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకం ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుండి 1996 వరకు రాష్ట్రవ్యాప్తంగా అమలైనది. ఏపీపీఈపీ అన్న సంక్షిప్తనామం ఆనాటి ఉపాధ్యాయులకు సుపరిచితం. తరగతిగదుల నిర్మాణంతోపాటు ఉపాధ్యాయశిక్షణను నూతనంగా రూపొందించడం దాని లక్ష్యం. ఉపాధ్యాయులు తరచుగా కలిసి చర్చించుకొనుటకు కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయపు విద్వాంసులు దాని మూల్యాంకనంలో పాల్గొన్నారు.

ఆ పథకానికి ఆరు సూత్రాలు ఆధారం: బోధనకృత్యాలను ఉపాధ్యాయుడే కల్పించుట, చేసి చూచి ప్రయోగంద్వారా నేర్చుకొనుట, వ్యక్తిగతంగాను బృందంగాను తరగతిమొత్తంగాను పనిచేయుట, పిల్లలనడుమ ఉండే భేదాలను గుర్తించుట, స్థానికపరిసరాలను ఉపయోగించుట, పిల్లల రచనలను ప్రదర్శించి తరగతిగదిని ఆకర్షణీయం చేయుట. ఇవన్నీ ఉత్తమసూత్రాలే. వేదపాఠశాలలో గురువు ఒక్కొక్క శిష్యుని కంఠాన్ని, ధారణశక్తిని గమనించి సంతచెప్పే పద్ధతిని ఎరిగినవారికి నాలుగవ సూత్రం క్రొత్తగా తోచదు.

అయితే సూత్రాలలో స్థానికపరిసరాలకు చోటు దొరికినంత స్పష్టంగా స్థానికభాషకు దొరకలేదు. తునికాకును, వెదురును, ఇప్పపువ్వును తరగతిగదికి తెచ్చి లెక్కలు నేర్పవచ్చు. కాని వాటిని బాలుడు ఇంట్లో ఏ పేరుతో పిలుస్తాడో ఆ పేరుకు ప్రవేశం లేనపుడు, వస్తువు లోపలికి వచ్చి మాట బయటనే నిలిచిపోయినట్లవుతుంది. ఒకే సూత్రావళి కోస్తాకూ, రాయలసీమకూ, గోదావరి అరణ్యానికీ సమానంగా వర్తించాలని భావించడం ఇటువంటి మహాపథకాలలో సహజమైన లోపం. 1990లో థాయిలాండులోని జొమ్తియెన్‌లో జరిగిన 'అందరికీ విద్య' ప్రపంచసదస్సు తరువాత మనదేశంలో ప్రాథమికవిద్యకు అంతర్జాతీయ సహకారం ఇంకా విస్తరించినది. 1994లో జిల్లా ప్రాథమికవిద్యా కార్యక్రమం ఆరంభమైనది. ధనమూ, పద్ధతీ సమకూరాయి. సంధికి కావలసిన రెండవ అక్షరం మాత్రం అప్పటికి ఇంకా పలకలేదు.

కోయ వాచకాలు

ఆ అక్షరం 2004లో పలికినది. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో, సుమారు 240 పాఠశాలలలో మాతృభాషాధారిత బహుభాషావిద్య మొదలైనది. ఆయా తెగలకు చెందిన ఉపాధ్యాయులే కార్యశాలలలో కూర్చొని వాచకాలను రచించారు. కోయ వాచకాలు తెలుగులిపిలో వెలువడ్డాయి. బాలుడు మొదట తన భాషలో చదువుట, క్రమంగా తెలుగును చేర్చుకొనుట అన్నది దాని విధానం. తెలుగును తిరస్కరించడం దాని ఉద్దేశం కాదు. తెలుగులోనికి ప్రవేశించడానికి ఒక ద్వారాన్ని నిర్మించడమే దాని ఉద్దేశం.

2005లో ఎన్.సి.ఇ.ఆర్.టి. రూపొందించిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, తరగతిగదిలోని బహుభాషాస్థితిని అవరోధంగా కాక సంపదగా చూడాలని ప్రబోధించినది. 2009లో రాబర్ట్ ఫిలిప్సన్, ఫిన్లాండుకు చెందిన తోవే స్కుట్నాబ్-కాంగస్, మనదేశపు అజిత్ మొహంతి, మినతి పండా కలిసి సంపాదకత్వం వహించిన అంతర్జాతీయ గ్రంథంలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల బహుభాషావిద్యానుభవం చర్చకు వచ్చినది. ఇప్పుడు ప్రవాహపు దిశ మారినది. పూర్వం విదేశీ విద్వాంసుడు కోయను గూర్చి వ్రాయగా ప్రపంచం చదివేది. ఇక్కడ కోయ ఉపాధ్యాయులు తమ భాషలో వ్రాసిన పాఠాలనుండి ప్రపంచం నేర్చుకొనవలసివచ్చినది. ధాన్యకటకపు గుణసంధి ఛాయ, స్వల్పంగానైనా, ఇక్కడ మరల గోచరిస్తున్నది.

అయితే కార్యం పూర్తికాలేదు. తమను కోయతూరులమని చెప్పుకొనే ఈ జనులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అనే నాలుగు రాష్ట్రాలలో విస్తరించి ఉన్నారు. ఒడిశా 2006 ప్రాంతంలో పది గిరిజనభాషలలో ఇటువంటి విద్యనే ప్రారంభించినపుడు అందులో కోయభాష కూడా ఉన్నది. లిపి మాత్రం ఒడియా. శబరినదికి ఈవల తెలుగులిపిలోను, ఆవల ఒడియాలిపిలోను ఒకే భాషకు రెండు వాచకాలు వెలువడ్డాయి. 2014లో రాష్ట్రవిభజన సందర్భంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, భద్రాచలపట్టణం తెలంగాణలో ఉండిపోయినది. ఒకే గోత్రం, ఒకే భాష కలిగిన బాలులు వేర్వేరు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలను చదువవలసివచ్చినది. 2005 తరువాత బస్తరులో చెలరేగిన హింసకు తాళలేక ఎందరో గొత్తికోయలు ఈ అడవులకు తరలివచ్చారు. వారి పిల్లలకు తెలుగు పూర్తిగా పరభాష. దేశాలనడుమ సహకారాన్ని గూర్చి సదస్సులు జరుగుతున్నాయి. శబరీ గోదావరుల సంగమానికి ఇరువైపుల ఉన్న పాఠశాలలనడుమ సహకారం అంతకంటె ముందుగా అవసరం.

ఆచార్యుని విషయం ఇంకొకటి. షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయపదవులను పూర్తిగా స్థానిక షెడ్యూల్డు తెగలవారికే కేటాయిస్తూ 2000 జనవరిలో ప్రభుత్వం 3వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించినది. నూరుశాతం కేటాయింపు రాజ్యాంగసమ్మతం కాదని 2020 ఏప్రిల్ 22న సర్వోన్నతన్యాయస్థానపు రాజ్యాంగధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టివేసినది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో నిలుపనిచ్చినది. న్యాయస్థానపు తీర్పు శిరోధార్యం. అయినా తీర్పు పరిష్కరించినది పదవుల పంపకాన్ని మాత్రమే. కోయబాలుని ఎదుట నిలిచే ఆచార్యుడు, ఏ కులంలో పుట్టినవాడైనా, ఆ బాలుని భాష ఎరిగి ఉండాలన్న ఆవశ్యకత అట్లే ఉన్నది. దానిని నెరవేర్చే భారం విద్యాశాఖలపైనా, సమాజంపైనా మిగిలి ఉన్నది.

ప్రవాసంలో తెలుగు, అరణ్యంలో కోయ

ఈ ఆవశ్యకత ఎంత న్యాయమైనదో తెలుగువారు తమ అనుభవంనుండే గ్రహించవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు, ఆంగ్లపాఠశాలలో చదివే తమ బిడ్డలు మాతృభాషకు దూరమగుచున్నారని కలతచెందారు. 2007లో సిలికానాంధ్ర సంస్థ మనబడి అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టినది. దానికి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయపు గుర్తింపు లభించినది. సముద్రాలకు ఇరువైపులా ఉన్నవారు కలిసి రూపొందించిన పాఠ్యప్రణాళిక అది. ఇంటిభాష నిలవాలి, లోకభాష రావాలి అన్నదే ఆ తల్లిదండ్రుల ఆకాంక్ష. ఆ ఆకాంక్షను ఎవరూ సంకుచితత్వమని అనలేదు.

కాలిఫోర్నియాలో తెలుగుబాలుని కొరకు మనం కోరుకొనేది ఏదో, భద్రాచలం మన్యంలో కోయబాలుని కొరకు కోయతల్లి కోరుకొనేదీ అదే. అక్కడ మనం అల్పసంఖ్యాకులం, ఇక్కడ అధికసంఖ్యాకులం, భేదం అంతమాత్రమే. ఒకచోట మనకు ధర్మంగా తోచినది మరొకచోట భారంగా తోచరాదు. 2020 జాతీయ విద్యావిధానం, సాధ్యమైనంతవరకు కనీసం ఐదవ తరగతివరకు మాతృభాషలో బోధన జరగాలని చెప్పినది. అదే విధానం విద్య అంతర్జాతీయంగా విస్తరించాలనీ చెప్పినది. ఈ రెండింటికీ విరోధం లేదు. మూలం దృఢంగా ఉన్న వృక్షానికే శాఖలు దూరంగా విస్తరిస్తాయి.

దమ్మక్క నేర్పిన పాఠం

భద్రాద్రి క్షేత్రచరిత్రలోనే ఈ తత్త్వం నిక్షిప్తమై ఉన్నది. పుట్టలో వెలసిన స్వామిని తొలిసారి దర్శించి, పందిరి వేసి, తాటిపండును నివేదించినది భద్రిరెడ్డిపాలెపు వనవాసిని పోకల దమ్మక్క అని సంప్రదాయం చెబుతున్నది. పాల్వంచ తహశీల్దారుగా వచ్చిన గోపన్న తరువాత ఆలయాన్ని నిర్మించాడు. అతడు గోల్కొండ తానీషా కొలువులోని అధికారి, విద్వాంసుడు, వాగ్గేయకారుడు. అధికారమూ ధనమూ శిల్పమూ పాండిత్యమూ అతనితో వచ్చాయి. స్వామి ఉనికి మాత్రం దమ్మక్క దర్శనంవలన తెలిసినది. గోపన్న ఆమె కనుగొన్న స్థానాన్ని మార్చలేదు. అక్కడనే గర్భాలయాన్ని లేపాడు. దర్శనం అడవినుండి వచ్చినది, నిర్మాణం రాజధానినుండి వచ్చినది. ఆ రెండింటి సంధియే నేటి భద్రాచలం. అందులో ఏ ఒక్కటి లోపించినా ఈ క్షేత్రం లేదు.

విదేశీ విద్యాసంస్థయైనా, జాతీయమండలియైనా, రాజధానిలోని నిపుణసంఘమైనా, ఈ సీమకు పాఠ్యప్రణాళికను తెచ్చినపుడు గోపన్న స్థానంలో నిలుస్తుంది. దమ్మక్క చూచినది ఏమిటని మొదట విచారించిన ప్రణాళిక నిలుస్తుంది. ఆ విచారణ లేని ప్రణాళిక ఎంత శోభాయమానమైనదైనా విగ్రహం లేని ఆలయమే. దుమ్ముగూడెంలో భాష దొరికినది, పాఠ్యవస్తువు బయటినుండి వచ్చినది. మార్లవాయిలో రెండూ కలిశాయి, కొనసాగింపు లేకపోయినది. ఆరు సూత్రాల పథకంలో పద్ధతి కుదిరినది, భాష కుదరలేదు. కోయవాచకాలలో భాషా పద్ధతీ కుదిరాయి; వాటికి ఆచార్యుడూ నిరంతరత్వమూ కావాలి.

శ్రీరామునికి ఎంగిలిపండ్లను అర్పించిన శబరి కథను భక్తులు కన్నీటితో వింటారు. ఆ శబరిపేరు గల నదీతీరాన నేడు ఒక బాలుడు ఉపాధ్యాయుని ఎదుట మౌనంగా కూర్చొని ఉన్నాడు. అతని నోట ఒక మాట ఉన్నది, అది వినబడనిదే విద్యాసంధి జరుగదు. భద్రాద్రికి యాత్రగా వచ్చే భక్తులు, విద్యాదానం చేయదలచిన ధర్మాత్ములు, పలకలు, పుస్తకాలు, భవనాలు ఇచ్చుటకు ముందు ఆ బడిలో కోయభాష ఎరిగిన గురువు ఉన్నారా అని ఒక్కసారి విచారించుట శ్రేయస్కరం. లేనిచో ఆ గురువును సమకూర్చుటకు తోడ్పడుటయే ఈ క్షేత్రంలో చేయదగిన ఉత్తమమైన విద్యాదానం.

సర్వం శ్రీసీతారామార్పణమస్తు. స్వస్తి.